రెక్కలు లేని తొట్టి

శాన్ రామన్,
జనవరి 14

బావగారికి నమస్కారాలు.

ఈ కాలంలో ఉత్తరమేమిటని కంగారు పడకండి. అందరం బాగానే ఉన్నాం. మెసేజ్ పెడితే అది నా ఫోన్‌తో ఊరుకోదు. వంటింట్లో ఐప్యాడ్ మీద మెరుస్తుంది, కార్‌లో ఉంటే స్పీకర్లోంచి పైకే చదివేస్తుంది. మొన్న గుడికి వెళ్తుంటే మీరు పంపిన "మలబద్ధకం తగ్గిందా?" అన్న పలకరింపును కార్‌లో ఉన్న నలుగురూ భక్తిగా విన్నారు. కాగితానికి ఆ జబ్బు లేదు. పైగా ఇంటికి వచ్చే పోస్టు తెచ్చేది ఇప్పుడు నేనే. అక్టోబర్‌లో లేఆఫ్ అయ్యాక ఈ ఇంట్లో నాకు దక్కిన పదవి అదొక్కటే.

అసలు సంగతికి వస్తాను. ఆగస్టులో కృతిని శాన్ డియాగోలో కాలేజీలో దింపాం కదా. మీ చెల్లెలికి మర్నాడు ఆఫీస్ ఉందని ఫ్లైట్‌లో వచ్చేసింది. నేను కార్ తీసుకుని ఎడారి దారిన వచ్చాను. ఖాళీ వెనకసీటు అద్దంలో కనబడుతుంటే తిన్నగా ఇంటికి రాబుద్ధి కాలేదు. దారిలో ఒక చిన్న విమానాల మ్యూజియం ఉంటే ఆగాను. లోపల గోడమీద ఒక ఫోటో. పైకప్పు తీసేసిన పాంటియాక్ కారు ఎండిపోయిన సరస్సు మీద దూసుకుపోతోంది. దాని వెనక తాడు. తాడు చివర ఒక ప్లైవుడ్ తొట్టి, పక్కల ఏనుగు చెవుల్లాంటి రెండు పలకలు, రెక్కలన్నవి లేనే లేవు. అది గాల్లో ఉంది బావగారూ! లోపల మనిషి కూర్చుని ఉన్నాడు.

1963 నాటిదట. అంతరిక్షం అంచుదాకా వెళ్లే రాకెట్ విమానాలు నడిపే చోట, పైవాళ్లకి చెప్పకుండా కొందరు ఇంజినీర్లు, వడ్రంగులు కలిసి కట్టుకున్నారట. నేను అక్కడే చాలాసేపు నిలబడిపోయాను. మ్యూజియం మూసేస్తామని చెప్పేదాకా కదల్లేదు.

ఇప్పుడు మా గరాజ్‌లో దాని తమ్ముణ్ణి కడుతున్నాను. కొంచెం చిన్నది. మీనాతో మన తెలుగు సంఘం పిల్లల సైన్స్ డేకి బొమ్మ చేస్తున్నానని చెప్పాను. నమ్మింది. బొమ్మ కాదని మీకొక్కరికే చెప్తున్నాను. నేను అందులో కూర్చుంటాను. నేల మీంచి ఒక అడుగు లేస్తే చాలు, ఎక్కువ ఆశ లేదు.

ఏరోనాటికల్ సీటు రాక ఫార్మసీలో చేరిన మీ కడుపుమంట నాకు తెలుసు. ఆ పాత రిపోర్టులన్నీ వెతికి, బరువు ఎక్కడ ఉండాలో, చుక్కానులు ఎలా కట్టాలో చెప్పండి. మీ చెల్లెలికి మాత్రం ఒక్క ముక్క చెప్పొద్దు. కృష్ణకుమారి అక్కయ్యకి కూడా. ఆవిడకి చెప్తే మీనాకి చెప్పినట్టే.

మీ
శ్యామ్‌సుందర్


క్యారీ, నార్త్ కరోలినా,
ఫిబ్రవరి 2

చి. శ్యామ్‌కి ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివి ముందు కోప్పడ్డాను. తర్వాత రెండోసారి చదివాను. మూడోసారి చదువుతుంటే మీ అక్కయ్య వచ్చి "ఎవరా ప్రేమలేఖ?" అంది. మడిచి జేబులో పెట్టుకున్నాను. ఈ వయసులో భార్య దగ్గర దాచవలసిన కాగితం నా జేబులోకి వచ్చిందంటే అది నీ పుణ్యమే.

ఉద్యోగం చేసినన్నాళ్లూ మందుల సైడ్ ఎఫెక్ట్స్ చూసినవాణ్ణి నేను. జనం మందు చూస్తే నేను దద్దుర్లు చూస్తాను. కాబట్టి నీ తొట్టి సంగతి నాకు అలాగే కనిపిస్తోంది. అయినా రిపోర్టులు తీశాను. ఆ రోజుల్లో వాళ్లు ఏదీ దాచుకోలేదు, పడ్డవీ లేచినవీ అన్నీ రాసిపెట్టారు. రెండు వారాలుగా నా రిటైర్మెంట్‌కి ఒక అర్థం వచ్చింది. అది వేరే సంగతి.

ముందు కొంత చరిత్ర విను, నీకు అవసరం. 1947లో ధ్వని వేగాన్ని దాటిన మొదటి రాకెట్ విమానాన్ని ఒక బాంబర్ కడుపు కింద పెట్టుకుని పైకి తీసుకెళ్లి వదిలారు. పైలట్‌కి అంతకు రెండు రోజుల ముందే గుర్రం మీంచి పడి పక్కటెముకలు విరిగాయి. తలుపు గడియ వేయడానికి చెయ్యి లేవక, చీపురుకర్ర ముక్క పట్టుకెళ్లాడు. పైవాళ్లకి చెప్పలేదు. నీకు ఇలాంటివే నచ్చుతాయని తెలుసు కనక ఇంకొకటి కూడా రాస్తున్నాను. 1956లో ధ్వనికి మూడు రెట్ల వేగం మొట్టమొదట అందుకున్న పైలట్, ఆ కబురు చెప్పడానికి కిందికి రాలేదు.

తర్వాత వచ్చిన నల్ల విమానం అంతరిక్షం అంచు ముట్టి వచ్చింది. అంత చేసినా దాని ఇంజిన్ మండేది నిమిషమో, నిమిషన్నరో. ఆ పైన ఇంధనం ఉండదు. మిగతా దారంతా ఇంజిన్ లేకుండానే దిగి, ఎండిన సరస్సు మీద వాలాలి. చూడు, పైకి ఎలా వెళ్లాలన్నది రాకెట్టే చూసుకుంది. ఇంటికి ఎలా రావాలన్నది మాత్రం మనుషులు కూర్చుని తేల్చుకోవలసి వచ్చింది. నీ తొట్టి పుట్టింది అందుకు. రెక్కలైతే అంతరిక్షం నుంచి దిగేటప్పటి వేడికి తట్టుకోవు, అందుకని ఒంటి ఆకారమే గాల్లో నిలబెట్టేలా కట్టారు. ప్లైవుడ్‌ది కుదిరాక లోహంతో కట్టారు. వాటికి పెట్టడానికి ఆ పాత 1947 రకం రాకెట్ ఇంజిన్లనే, మ్యూజియంలో ఉన్నవాటిని కూడా, వెనక్కి తెచ్చుకున్నారట. మ్యూజియంకి ఇచ్చేసిన వస్తువుకి మళ్లీ పని దొరకడం నాకు బాగా నచ్చింది. రిటైరైనవాణ్ణి కదా.

బొమ్మలు, కొలతలు వేరే కాగితాల మీద గీసి పెట్టాను. ముందు ఇసకబస్తాతో లాగి చూడు. గాలి ఉన్న రోజు లాగొద్దు. తాడు విడిపోయే కొక్కెం లోపలా ఉండాలి, బయటా ఉండాలి. మనిషి కూర్చోవడం గురించి నేనేమీ వినలేదు.

మీనాతో అబద్ధం చెప్పను. ఆమె అడగకపోతే చెప్పను. అంతకంటే ఎక్కువ నన్ను అడగకు.

కేశవరావు


శాన్ రామన్,
మార్చి 9

బావగారికి,

మీ బొమ్మలు చూసి ఉదయ్ "మీ బావగారు ఏ రాకెట్ కంపెనీలో చేశారు?" అన్నాడు. "ఒంటినొప్పి మాత్రల కంపెనీలో" అన్నాను. ఉదయ్ మా వెనకవీధి. కొత్తగా ఎలక్ట్రిక్ పికప్ ట్రక్ కొన్నాడు. దానితో ఏదైనా లాగాలని వాడికి మహా దురద. మన పాంటియాక్ అదే.

తొట్టి ఆకారం వచ్చేసింది. ప్లైవుడ్‌ని తడిపి వంచడానికి ముందు చాలా విరగ్గొట్టాను. తర్వాత ఇడ్లీపాత్ర ఆవిరి పట్టాను, వంగింది. మీనా "నా ఇడ్లీపాత్ర చెక్కవాసన వస్తోందేంటి?" అని అడిగింది. సైన్స్ అన్నాను.

ట్రేసీ ఊరి అవతల గుర్‌మీత్ సింగ్ గారని బాదంతోటల రైతు ఉన్నారు. తోటలకి మందు కొట్టే చిన్న విమానం దిగడానికి ఆయనకి ఒక మట్టి రన్‌వే ఉంది. ఆయనకి ఫోటో చూపించాను. మీసం తిప్పి, "నా పొలంలో దీన్ని లాగుతారా? నేను కుర్చీ వేసుకుని చూడొచ్చా?" అని మాత్రం అడిగారు. గత ఆదివారం ఇసకబస్తాతో మెల్లగా లాగాం. బుద్ధిగా వెనకే వచ్చింది, దూడలాగా. బాదంపూలు రాలి రన్‌వే అంతా తెల్లగా ఉంది. నాకు ఎంత సంతోషమేసిందంటే, సోమవారం ఒక కంపెనీ వాళ్లు ఫోన్ చేసి "వేరే క్యాండిడేట్‌తో ముందుకెళ్తున్నాం" అన్నా, "ఆల్ ద బెస్ట్ అతనికి" అని మనస్ఫూర్తిగా అన్నాను. ఆరో ఇంటర్వ్యూనో ఏడోదో. లెక్క మానేశాను.

మీ చెల్లెలి ధోరణే కొంచెం అర్థం కావడం లేదు. శనివారాలు యోగా క్యాంప్ అని పొద్దున్నే వెళ్తుంది. వచ్చేసరికి మొహం కందిపోయి ఉంటుంది. గదిలో చేసే యోగాకి ముక్కు మాత్రమే ఎర్రబడటం ఎక్కడైనా చూశారా? అడిగితే, "ఔట్‌డోర్ యోగా" అంది. మనిషి మాత్రం హుషారుగా ఉంది. ఆ వెళ్లిన చోట ఎవరో బాగా నవ్విస్తున్నారు. నేను ఈ మధ్య ఎవర్నీ నవ్వించడం లేదు లెండి.

మీరు మనిషి సంగతి వినలేదన్నారు. మళ్లీ చెప్తున్నాను, కూర్చుంటాను. అక్టోబర్ నుంచి అందరూ నన్ను గాజు సామానులాగా పట్టుకుంటున్నారు. కృతి కూడా ఫోన్‌లో మెల్లగా మాట్లాడుతుంది. ఒక్కసారి ఎవరూ పట్టుకోకుండా ఉండాలని ఉంది.

శ్యామ్


ప్లెజంటన్, ఆఫీసు నుంచి,
మార్చి 24

అన్నయ్యా,

ఇంటి అడ్రస్‌కి రాయకు. ఈయన పోస్ట్‌మాస్టర్ అయిపోయారు. ఆఫీస్ అడ్రస్ కవర్ మీద ఉంది.

నీకొక్కడికే చెప్తానన్నాను కదా, అయిపోయింది! పోయిన శనివారం బైరన్ ఎయిర్‌పోర్ట్‌లో ఒక్కదాన్నే ఆ ఇంజిన్ లేని గ్లైడర్ ఎగరేసి దిగాను. వెనకసీటులో టీచర్ జానెట్ లేదు. ఎవరూ లేరు. పైన చప్పుడే లేదన్నయ్యా. కింద కాలువలు, గాలిమరలు, ఆకుపచ్చ కొండలు. భయం వేయాలి కదా? నాకు అమ్మ పాడే జోలపాట గుర్తొచ్చింది. దిగగానే ఆనవాయితీ అని నా చొక్కా వెనక ముక్క కత్తిరించేసి దాని మీద తేదీ రాశారు. ఆ చొక్కా ఇంట్లో ఎక్కడ దాచాలో తెలియక ఆఫీస్ డ్రాయర్‌లో పెట్టాను.

నా యాభయ్యో పుట్టినరోజుకి ఆఫీస్ వాళ్లు ఒక్క రైడ్‌కి కూపన్ ఇచ్చారని చెప్పాను కదా. సరదాగా వెళ్దామని వెళ్లాను. ఆ శుక్రవారమే ఈయనకి ఉద్యోగం పోయింది. మర్నాడు పైనుంచి దిగి కార్‌లో కూర్చుని ఏడ్చాను. ఆనందంతోనో, సిగ్గుతోనో తెలియదు. ఆయన ఇంట్లో రెజ్యుమే దిద్దుకుంటుంటే నేను ఆకాశంలో నవ్వుతున్నాను. ఎలా చెప్పను? ఇవాళ, రేపు అనుకుంటూ ఆరు నెలలు కావస్తోంది.

నువ్వన్న మాట నిజమే, ఎప్పటికైనా చెప్పాలి. కాని ఈయన ఇప్పుడిప్పుడే కోలుకుంటున్నారు. గరాజ్‌లో పిల్లల కోసం ఏదో పెద్ద తొట్టి చేస్తున్నారు. రంపం చప్పుడు వినబడితే నాకు ప్రాణం లేచొస్తుంది. ఇంటర్వ్యూ పోయిన రోజు కూడా ఆ చప్పుడు వస్తోంది. నా ఇడ్లీపాత్ర పాడుచేశారు, పోనీ అనుకున్నాను.

వదినకి చెప్పకు. చెప్తే రాత్రికి రాత్రే ఫోన్ చేసి నన్ను నేలకి దింపేస్తుంది.

మీనా


క్యారీ,
ఏప్రిల్ 5

చి. మీనాకి ఆశీస్సులు.

కారు మీద పైన్‌చెట్ల పుప్పొడి వేలెడు మందాన పడి ఉంది. దాన్ని కడగడానికి కూడా లేవకుండా నీకు ఈ ఉత్తరం రాస్తున్నాను.

నువ్వు ఒంటరిగా ఎగిరి దిగావని చదివి నేను వీధి చివరిదాకా నడిచి వచ్చాను. ఇంట్లో కూర్చోలేకపోయాను. నాన్న ఉంటే ఊరంతా చాటేవారు. నేను మీ వదినకి కూడా చెప్పకుండా మింగుకున్నాను.

కాని అమ్మా, ఇక నా వల్ల కాదు. శనివారాలు నీ మొహం ఎందుకు కందుతోందో శ్యామ్‌కి తెలియదు. నిన్ను ఎవరో బాగా నవ్విస్తున్నారని నాకు రాశాడు. ఆ మాట తేలిగ్గా రాసినట్టే ఉంది. తేలిగ్గా లేదు. గ్లైడర్ సంగతి నువ్వే చెప్పు. బైరన్, జానెట్, చిరిగిన చొక్కా, అన్నీ చెప్పు. అతను కుంగిపోతాడని నువ్వు అనుకుంటున్నావు. ఇంత చిన్న సంగతికి కుంగే మనిషి కాదు.

ఇక గరాజ్‌లో ఉన్నది బొమ్మ కాదు. అందులో తను కూర్చుని లాగించుకుంటానంటున్నాడు. లెక్క వేశాను. అతని బరువుకి అది లేవదు, దొర్లుతుంది. గాలి అంటే ఏమిటో తెలిసినదానివి ఆ ఇంట్లో నువ్వొక్కదానివే. ఆపినా నువ్వే ఆపాలి, నేర్పినా నువ్వే నేర్పాలి.

అన్నయ్య


శాన్ రామన్,
ఏప్రిల్ 21

బావగారికి,

రాస్తున్నది మీనా, చెప్తున్నది నేను. నా కుడి మణికట్టు కట్టులో ఉంది. ఎముక కొంచెం చిట్లిందట. కంగారు పడకండి.

(అన్నయ్యా, కంగారు పడు. చెంప మీద గీత కూడా ఉంది. ఆయన చెప్పమన్లేదు.)

మీరు మీనాకి రాసిన ఉత్తరం నా కవర్లో వచ్చింది. నాకు రాసినది ఆమె ఆఫీస్‌కి వెళ్లింది. ఇంటికి వచ్చిన కవర్ మంగళవారమే అందింది. "చి. మీనాకి" అని చూసినప్పుడే ఆపేయాలి, ఆపలేదు. చదివి అందరి మీదా కోపం వచ్చింది. మీ మీద ఎక్కువ. ఇంట్లో అందరికీ అన్నీ తెలుసు, నేనొక్కణ్ణే యోగా అనుకుంటున్నాను. ఆమెతో ఏమీ అనలేదు. శనివారం పొద్దున్న "యోగాకి వెళ్తున్నా" అంటే "వెళ్లిరా" అన్నాను. ఆమె కార్ మలుపు తిరగ్గానే ఉదయ్‌కి ఫోన్ చేశాను.

(నాకు నీ రెండో ఉత్తరం శుక్రవారం సాయంత్రం ఆఫీస్‌కి వచ్చింది. నేను అప్పటికే ఇంటికి బయల్దేరిపోయాను. చూసుకోలేదు.)

ఉదయ్ వద్దన్నాడు. గుర్‌మీత్ గారు కూడా "ఇవాళ గాలి ఉంది బేటా" అన్నారు. వినలేదు. హెల్మెట్ పెట్టుకుని కూర్చున్నాను. ట్రక్ కదిలింది. కొంతదూరం బాగానే ఉంది. స్పీడ్ పెరిగేసరికి ఎడమ చక్రం లేచింది, అది దిగితే కుడి చక్రం లేచింది. ఎడ్లబండి రాళ్ల మీద పరిగెత్తినట్టు. నేను సరిచేద్దామని చుక్కానులు తిప్పే స్టిక్ తిప్పినకొద్దీ ఎక్కువైంది. కొక్కెం లాగి తాడు వదిలించాను. అప్పటికే పక్కకి తిరిగి, గట్టు ఎక్కి, ఒరిగింది. ఒక చక్రం బాదంచెట్ల మధ్యకి దొర్లుకుంటూ పోయింది. గుర్‌మీత్ గారి కుర్చీ పక్కనుంచే పోయింది.

ఉదయ్ మీనాకి ఫోన్ చేశాడు. నేను చెట్టు కింద చెయ్యి పట్టుకుని కూర్చుని ఉంటే దుమ్ము లేపుకుంటూ ఆమె కార్ వచ్చింది. తలమీద గ్లైడర్ క్లబ్ టోపీ తీయడం మర్చిపోయింది. పక్కన జానెట్. మీనా మోకాళ్ల మీద కూర్చుని నా మొహం ఇటూ అటూ తిప్పి చూసింది.

"యోగా అయిపోయిందా?" అన్నాను.

"సైన్స్ డే అయిపోయిందా?" అంది.

జానెట్‌కి తెలుగు రాదు. మేమిద్దరం ఎందుకు నవ్వుతున్నామో, ఎందుకు ఏడుస్తున్నామో తెలియక నీళ్ల సీసా పట్టుకుని నిలబడింది.

(ఏడ్చింది నేను. ఆయన కాదు.)

(ఆయన కూడా.)

ఎక్స్‌రే కోసం చాలాసేపు కూర్చోబెట్టారు. అక్కడ మాట్లాడుకున్నాం. అన్నీ రాయించలేను, రాసేది ఈవిడే కదా. ఒక్కటి చెప్తాను. "నాతో ఎందుకు చెప్పలేదు?" అని అడిగాను.

"నీ జాబ్ పోయిన వారంలో నాకు ఆకాశంలో తిరగాలని ఉందని ఎలా చెప్పను?"

"చెప్తే నేనేమనేవాణ్ణి?"

"ఏమీ అనవు. 'గుడ్, వెళ్లిరా' అని నవ్వి గరాజ్‌లోకి వెళ్లిపోతావు. ఆ నవ్వే నాకు భయం."

నిజంగా అలాగే చేసేవాణ్ణి. తర్వాత నేను కూడా నాది చెప్పాను, గాజు సామాను సంగతి. "సరే, ఇకనుంచి పడేస్తాలే" అంది.

జానెట్ తొట్టి చుట్టూ రెండుసార్లు తిరిగి, తట్టి చూసి, "పని బాగుంది" అంది. తర్వాత నా బరువు అడిగింది. చెప్పాను. మర్యాదకి దగ్గింది.

ఇప్పుడు అది మళ్లీ గరాజ్‌లో ఉంది. చక్రం లేదు, పక్కన చీలిక ఉంది. తలుపు తీసి చూడబుద్ధి కావడం లేదు.

శ్యామ్‌సుందర్
(రాసినది మీనా)


క్యారీ,
ఏప్రిల్ 29

చి. శ్యామ్‌కి, మీనాకి, ఇద్దరికీ ఒకే కవర్లో.

ఇన్నేళ్ల ఉద్యోగంలో నేను ఒక సీసాకి ఇంకో సీసా లేబుల్ అంటించలేదు. ఆ రోజు కూడా పొరపాటు జరగలేదు. కవర్లు మారలేదు, నేనే మార్చాను. ఇద్దరూ ఒకే రోజు చదువుతారు, సాయంత్రానికి కొట్లాడుకుని, రాత్రికి కలిసి భోంచేస్తారని అనుకున్నాను. ఒక కవర్ ఇంటికి ముందుగా వెళ్తుందని, ఒకటి ఆఫీస్‌లో ఆగుతుందని నాకు తట్టలేదు. గాలి ఉన్న రోజు లాగొద్దని రాసినవాణ్ణే నీకు ఆ కోపం ఇచ్చి పంపాను. శ్యామ్, నీ మణికట్టు నా ఖాతాలోదే. మీ అక్కయ్యకి మొత్తం చెప్పేశాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు "ఆ పిల్ల నిజంగా ఒక్కతే ఎగిరిందా?" అని అడిగింది.

ఇక పనికొచ్చే మాట. ఎడమ కుడి ఎగిరిందని రాశావు కదా. అసలు తొట్టి కూడా మొదటిసారి లాగినప్పుడు సరిగ్గా అలాగే చేసింది! వాళ్లు చక్రాల తప్పనుకున్నారు. అప్పుడు తీసిన ఫిల్మ్ తర్వాత చూసుకుంటే, వెనక చుక్కానులు అటూ ఇటూ కదలడమే దాన్ని ఊపుతోందని తేలింది. స్టిక్‌కి కట్టిన తీరు మార్చారు, కుదిరింది. మనం కూడా వాళ్లు మొదట కట్టినట్టే కట్టాం. తప్పు నా బొమ్మలోది. నీ చేతిలోది కాదు. సరిచేసిన బొమ్మ ఇందులో ఉంది.

తలుపు తియ్యి. ఆ చీలిక తన చేత్తో కట్టినవాడికి పెద్ద పని కాదు. అందులో ఎవరు కూర్చోవాలన్నది నేను చెప్పను. ఈ మధ్య నేను చెప్పినవి చాలు.

కేశవరావు


శాన్ రామన్,
జూన్ 16

బావగారికి, అక్కయ్యకి నమస్కారాలు.

నా చేత్తో నేనే రాస్తున్నాను. అక్షరాలు కొంచెం వంకరగా ఉంటాయి, క్షమించండి.

మీ ఉత్తరం వచ్చాక వారంపాటు గరాజ్ తలుపు తీయలేదు. ఒక ఆదివారం పొద్దున్న లోపల్నించి గరగరమని చప్పుడు వస్తే వెళ్లి చూశాను. ఈవిడ ముక్కుకి గుడ్డ కట్టుకుని చీలిక చుట్టూ గరుకు కాగితంతో రుద్దుతోంది. తప్పుగా రుద్దుతోంది, అడ్డంగా. "అలా కాదు, చెక్క పోగు వెంబడి" అని నేను లాక్కున్నాను. అలా మొదలైంది మళ్లీ. నాకున్నది ఒక చెయ్యి, ఆమెకి రెండు. పట్టుకోమంటే పట్టుకునేది, తిప్పమంటే తిప్పేది. ఇరవైనాలుగేళ్ల కాపురంలో ఇంత వరసగా మేమిద్దరం కలిసి చేసిన పని కృతిని పెంచడం ఒక్కటే అనుకుంటాను.

మీ కొత్త బొమ్మ ప్రకారం చుక్కానులు విప్పి కట్టాం. రంగు వేసేటప్పుడు నేనే అడిగాను.

"నువ్వు ఎగరేస్తావా?"

బ్రష్ ఆపింది. "అది నీది. నువ్వు కూర్చోవాలనే కట్టుకున్నావు."

"నేను కూర్చుంటే అది గుర్‌మీత్ గారి తోట దున్నుతుంది."

"జోక్ చెయ్యకు. నిజంగా అడుగుతున్నావా, జాలిపడి అడుగుతున్నావా?"

నిజం చెప్తున్నాను బావగారూ, ఆ నిమిషంలో నాక్కూడా తెలియలేదు. కొంచెం మంట ఉంది లోపల. అయితే అది లేస్తే చూడాలన్న కోరిక ఆ మంట కంటే పెద్దగా ఉంది. అదే చెప్పాను, ఉన్నదున్నట్టు. ఆమె తలూపి, మళ్లీ రంగు వేయడం మొదలుపెట్టింది.

జానెట్ చెప్పిన కాగితాలూ పరీక్షలూ అన్నీ అయ్యాయి. ముందు ఇసకబస్తాతో, తర్వాత మీనాతో మెల్లగా, తర్వాత ఇంకొంచెం స్పీడుగా లాగాం. ఊపు లేదు. నిన్న పొద్దున్న ఆకు కదలడం లేదు. కృతి కూడా వచ్చింది. "డాడ్, మామ్ రియల్లీ ఇది ఫ్లై చేస్తుందా?" అని కార్‌లో ఎన్నిసార్లు అడిగిందో. గుర్‌మీత్ గారు ఈసారి కుర్చీ బాగా వెనక్కి వేసుకున్నారు.

ట్రక్ నేను తోలాను. ఉదయ్ ట్రక్ వెనకభాగంలో తాడు చూసుకుంటూ కూర్చున్నాడు. స్పీడ్ ఒక్క తీరుగా ఉండాలి, హెచ్చకూడదు, తగ్గకూడదు అని జానెట్ నాకు ముందే పాఠం చెప్పింది. అద్దంలోకి చూడొద్దంది. రన్‌వే సన్నం, చూపు ముందుకే ఉండాలి. కాబట్టి నా భార్య ఎగరడం నేను చూడలేదు. నాకు తెలిసిందల్లా ఇది. చేతుల్లో స్టీరింగ్ కొద్దికొద్దిగా అదురుతోంది, వెనక చక్రాల గరగర వినబడుతోంది. మట్టి మీద చక్రాలు చేసే ఆ చప్పుడు ఉన్నట్టుండి ఆగిపోయింది. ఎలక్ట్రిక్ ట్రక్ కదా, దానికి చప్పుడే లేదు. అంతా నిశ్శబ్దం. ఉదయ్ అరుస్తాడేమో అనుకున్నాను. దూరంగా గట్టు మీంచి కృతి కేక ఒక్కటే వినబడింది. ఆ అరుపు ఇంగ్లీషూ కాదు, తెలుగూ కాదు.

ఎంతసేపో నాకు తెలియదు. రన్‌వే చివర గుర్తుకి కట్టిన ఎర్రగుడ్డ కనబడింది. మెల్లగా తగ్గించాను. వెనక చక్రాలు మళ్లీ మట్టిని తాకాయి, ఒకసారి, ఇంకోసారి, తర్వాత నిలకడగా. ఆపాను. దిగకుండా స్టీరింగ్ పట్టుకుని అలాగే కూర్చున్నాను. ఇంకా ఉద్యోగం రాలేదు. సోమవారం మళ్లీ ఒక ఇంటర్వ్యూ ఉంది. అది కూడా అప్పుడు గుర్తొచ్చింది. నవ్వొచ్చింది.

మీనా హెల్మెట్ చంకలో పెట్టుకుని, జుట్టంతా దుమ్ముతో, నడుచుకుంటూ నా కిటికీ దగ్గరికి వచ్చింది. కళ్లు మెరుస్తున్నాయి. దగ్గరికి తీసుకుంటుందేమో, థ్యాంక్స్ అంటుందేమో అనుకున్నాను.

"మధ్యలో భయపడి స్లో చేశావు కదూ?" అంది.

"కొంచెం."

"నాకు తెలిసింది పైన. ఇంకోసారి వెళ్దాం. ఈసారి నేను చెప్పేదాకా తగ్గించకు."

వెళ్లాం బావగారూ. తగ్గించలేదు.

మీ
శ్యామ్‌సుందర్